“మీ కులం పార్టీయే కదా” అనేశావా తమ్ముడూ?

నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. ఆఫీసులో భోజనాల దగ్గర ఆ జులూ పెద్దాయన “షెంగే” అంటూ ఎవరి గురించో చెబుతుంటే, నువ్వు “ఓ, ఇన్కాటా నాయకుడా? అది మీ కులం పార్టీయే కదా!” అన్నావు. ఆయన అన్నం డబ్బా మూసేసి లేచిపోయాడు. “నేనన్నదాంట్లో తప్పేముందక్కా?” అని అడిగావు. ఏ పార్టీ ఏ కులానిదో టీ కొట్టు దగ్గరే తేల్చేసే అలవాటు మనది. ఈ దక్షిణాఫ్రికాలో, మన డర్బన్‌లో ఆ లెక్క పనిచేయదు. ఇది తెలియడానికి నాకూ రెండేళ్ళు పట్టింది.

ముందు పేరు సంగతి. ఇంగ్లీషు స్పెల్లింగ్ చూసి మనవాళ్ళు “ఇన్‌కాథా”, “బుథెలేజీ” అంటారు. జులూలో అది ‘థ’ కాదు, ఊపిరి ఒత్తి పలికే ‘ట’. బిందె నెత్తికెత్తుకునే ముందు మన అమ్మమ్మలు పాతగుడ్డతో చుట్టకుదురు చేసుకునేవాళ్ళు, గుర్తుందా? జులూ ఆడవాళ్ళు గడ్డితో చేసుకునే ఆ కుదురే ఇన్కాటా. రాజుగారి దగ్గర పెద్ద గడ్డిచుట్ట ఒకటి ఉండేది, జాతంతా ఒక్కటిగా ఉండాలన్నదానికి గుర్తుగా. 1879 యుద్ధంలో ఇంగ్లీషువాళ్ళ చేతిలో అది కాలిపోయిందని చెప్పుకుంటారు. 1920ల్లో రాజు సొలొమోన్ ఆ పేరుతోనే ఒక సంఘం పెట్టారు. 1975 మార్చిలో మాంగోసుటు బుటెలేజీ దానికి మళ్ళీ ప్రాణం పోశారు. 1990లో అది ఇన్కాటా ఫ్రీడమ్ పార్టీ అయింది.

బుటెలేజీ 1928లో పుట్టారు. తల్లి మగోగో రాజకుమారి, రాజు దినుజులు కూతురు. తండ్రివైపు ముత్తాత రాజు చెట్‌ష్వాయోకు ప్రధానమంత్రి. కుర్రతనంలో మండేలా పార్టీ ఏఎన్‌సీ (ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్) యువజన విభాగంలో తిరిగి, ఆ గొడవల్లోనే ఫోర్ట్ హేర్ కాలేజీ నుంచి బయటికి రావాల్సి వచ్చింది. ఇక్కడిదాకా అందరూ ఒప్పుకుంటారు. తర్వాతి కథ దగ్గరే ఎవరి మాట వాళ్ళది.

వర్ణవివక్ష ప్రభుత్వం నల్లవాళ్ళను జాతులవారీగా విడగొట్టి తలా ఒక ముక్క నేల ఇచ్చి, “ఇదే మీ దేశం” అంది. జులూలకిచ్చిన క్వాజులుకు బుటెలేజీ ముఖ్యమంత్రి. ట్రాన్స్‌కై, బొపుతత్స్వానా, వెండా, సిస్కై ఆ ఉత్తుత్తి స్వాతంత్ర్యం పుచ్చుకున్నాయి. ఈయన మాత్రం వద్దు పొమ్మన్నారు. పుచ్చుకుని ఉంటే లక్షలమంది జులూలు పుట్టిన దేశంలోనే పరాయివాళ్ళయ్యేవాళ్ళు. మండేలాను విడిచిపెడితే తప్ప చర్చలకు కూర్చోనని కూడా భీష్మించారు. మీ ఆఫీసు పెద్దాయన మనసులో ఉన్నది బహుశా ఈ షెంగే. షెంగే అంటే బుటెలేజీ వంశాన్ని గౌరవంగా పిలిచే పేరు.

అదే ఆఫీసులో ఇంకో జులూ మనిషిని అడుగు. వివక్ష ప్రభుత్వపు డబ్బుతో నడిచిన కుర్చీ అంటాడు. ఆంక్షలు వద్దన్నాడు, సాయుధ పోరాటం వద్దన్నాడు, 1979లో లండన్‌లో మాట్లాడుకున్నాక ఏఎన్‌సీతో తెగిపోయింది అంటాడు. 1986లో సుమారు 200 మంది ఇన్కాటా మనుషులకు నమీబియాలోని కప్రీవీలో దక్షిణాఫ్రికా సైన్యం రహస్యంగా తర్ఫీదు ఇచ్చింది. ఇన్కాటా సభలకు పోలీసులు దొంగచాటుగా డబ్బు పంపిన సంగతి 1991లో బయటపడింది. నన్నడిగితే, స్వాతంత్ర్యం వద్దన్నందుకు ఆయనకు రావలసినంత పేరు రాలేదు, కప్రీవీ విషయంలో చెప్పాల్సినంత జవాబూ ఆయన చెప్పలేదు.

ఇక నీ మాట ఎందుకు గుచ్చుకుందో చెబుతాను. 1980ల మధ్య నుంచి పదేళ్ళపాటు మన డర్బన్ ఉన్న నటాల్ లోయల్లో ఇన్కాటావాళ్ళూ, ఏఎన్‌సీ వైపువాళ్ళూ చంపుకున్నారు. వేలమంది పోయారు. 1990 మార్చిలో పీటర్‌మారిట్జ్‌బర్గ్ పక్కన జరిగినదాన్ని ఇప్పటికీ “ఏడు రోజుల యుద్ధం” అనే అంటారు. నటాల్‌లో రెండు వైపులా పోయింది ఎక్కువగా జులూలే. ఒకే ఊరు, ఒకే భాష, ఒక్కోసారి ఒకే ఇల్లు. ఏఎన్‌సీ తొలి అధ్యక్షుడు డ్యూబే జులూ, తర్వాతి అధ్యక్షుల్లో లుతూలీ జులూ, జూమా జులూ. “జులూల పార్టీ” అన్నావంటే చచ్చిపోయినవాళ్ళలో సగంమందిని లెక్కలోంచి తీసేసినట్టు. ఆ పెద్దాయన వయసు చూస్తే అప్పటికి ఇరవైల్లో ఉండి ఉంటాడు. ఏం చూశాడో మనకేం తెలుసు?

1994 ఎన్నికలకు వారం ముందుదాకా ఇన్కాటా రానంది. ఏప్రిల్ 19న ఒప్పుకునేసరికి బ్యాలెట్లు అచ్చయిపోయాయి. చివర ఆ పార్టీ పేరున్న స్టిక్కర్ అంటించి పోలింగ్ జరిపారు! దేశంలో 10.5 శాతం ఓట్లు, 43 సీట్లు, క్వాజులు-నటాల్ రాష్ట్రంలో గెలుపు. మండేలా బుటెలేజీని హోంశాఖ మంత్రిని చేశారు, 2004 దాకా ఆయనే. మండేలా విదేశాలకు వెళ్ళినప్పుడు చాలాసార్లు తాత్కాలిక అధ్యక్షుడిగా కూర్చున్నారు. నీ వర్క్ వీసాకు మూలమైన 2002 ఇమిగ్రేషన్ చట్టం ఆయన హయాంలో వచ్చిందే, తర్వాత సవరణలు జరిగాయి. సెప్టెంబర్ 24 సెలవు కూడా అంతే. జులూ రాజు షాకా పేరిట జరిగే షాకా దినాన్ని సెలవుల జాబితాలోంచి తీసేస్తే ఇన్కాటా ఒప్పుకోలేదు, అలా హెరిటేజ్ డే వచ్చింది. నువ్వు ఆ రోజు మాంసం కాల్చుకు తిన్న ఫోటోలు చూశాలే.

బుటెలేజీ 2019 దాకా పార్టీ అధ్యక్షుడిగా ఉండి, 2023 సెప్టెంబర్‌లో 95 ఏళ్ళకు పోయారు. ఇప్పుడు హ్లబీసా నడుపుతున్నారు. 2024లో ఆ పార్టీకి పార్లమెంటులో 17 సీట్లొచ్చాయి, ఐక్య ప్రభుత్వంలో చేరింది. అదే ఎన్నికల్లో ఈ రాష్ట్రంలో ఎక్కువ ఓట్లు కొల్లగొట్టింది జూమా నాయకత్వంలోని కొత్త పార్టీ. అక్కడా జులూలే, చూడు.

మన పాత తెలుగు కుటుంబాల దగ్గర కూడా జాగ్రత్త. 1860 నుంచి చెరకు తోటలకు వచ్చినవాళ్ళ మునిమనవలు వాళ్ళు. 1985 ఆగస్టు అల్లర్లలో డర్బన్ పక్కనున్న ఇనాండా నుంచి కట్టుబట్టలతో వచ్చేసిన భారతీయ కుటుంబాలున్నాయి. గాంధీ ఫీనిక్స్ ఆశ్రమం తగలబడింది కూడా అప్పుడే. వాళ్ళు చెబుతుంటే విను, అంతేగానీ నువ్వు ఎత్తకు. ఇన్కాటాలో భారతీయ సంతతివాళ్ళూ ఉన్నారని మర్చిపోకు. నరేంద్ సింగ్ ఆ పార్టీ తరఫున ఎన్నో ఏళ్ళు పార్లమెంటులో ఉన్నారు.

సోమవారం పెద్దాయన దగ్గరికెళ్ళి “సానిబోనానీ, బాబా” అను. “సావుబోనా” కాదు, అది ఒక్కరిని పలకరించే మాట. మొదటిది మన ‘మీరు’ లాంటిది. తెలియక అన్నాను, క్షమించండి అను. పార్టీ ఊసెత్తకు, మీదే ఊరని అడుగు. జులూ రాజుల పాత రాజధాని ఉలుండీ వైపు అంటే మాత్రం, వచ్చే సెలవుల్లో వెళ్దామనుకుంటున్నాను, దారి చెప్పండి అను. ఎన్2 హైవే మీద ఉత్తరంగా వెళ్ళి గింగిండ్లోవు దగ్గర ఆర్66 రోడ్డు ఎక్కాలి, ఎషోవే, మెల్మోత్ మీదుగా పోతుంది. పెట్రోలు ఎషోవేలోనే పోయించుకో. చీకటిపడితే ఆ రోడ్డు మీదికి ఆవులొస్తాయి.