సమాధానం: షార్ట్ రో తిరిగిన చోట చిల్లులు

పాప స్వెటర్ మెడ వెనక షార్ట్ రోలు (చివరిదాకా అల్లకుండా మధ్యలోనే తిప్పేసే వరసలు) అల్లితే తిరిగిన ప్రతిచోటా చిల్లు పడుతోందని ఫొటో పెట్టి అడిగారు. అంటే, చుట్టు (తిరిగే చోట కుట్టు మొదట్లో ఊలుతో వేసే మెలిక) వేశారు కానీ దాన్ని తర్వాత ఎత్తుకోలేదు, అంటే కుట్టుతో కలిపి అల్లలేదు. ఫొటోలో కుట్టు మొదట్లో అడ్డంగా కనిపిస్తున్న దారం అదే.

1. నిట్ వైపు (నున్నగా కనిపించే ముందు వైపు) తిరగాల్సిన చోట ఊలు ముందుకు తెచ్చి, తర్వాతి కుట్టును అల్లకుండా కుడి సూదికి జార్చండి. ఊలు వెనక్కి పంపి, కుట్టును ఎడమ సూదికి తిరిగిచ్చి, అల్లిక తిప్పండి. ఇది మీరు సరిగ్గానే చేశారు.

2. చాలామంది దాటేసేది ఇక్కడే. తర్వాతి పూర్తి వరసలో ఆ కుట్టు దగ్గర ఆగండి. కుడి సూది మొనను కింది నుంచి చుట్టులోకి, అక్కడి నుంచి కుట్టులోకి దూర్చి, రెండూ కలిపి ఒకే కుట్టుగా అల్లండి. పర్ల్ వైపైతే (గట్లుగా కనిపించే వెనక వైపు) చుట్టును అవతలి ముఖం నుంచి ఎత్తి ఎడమ సూది మీద పెట్టి, కుట్టుతో కలిపి పర్ల్ చేయండి.

కుట్ల లెక్క పెరిగిందంటే చుట్టును విడిగా అల్లేసినట్టే.

కోఠీలో కొన్న యాక్రిలిక్ అన్నారు కదా, మన హైదరాబాద్ చలికి అది చాలు. కాకపోతే జారుతుంది, చుట్టు కొంచెం బిగువుగా వేయండి. గార్టర్ అల్లికలో (రెండు వైపులా గట్లు వచ్చేది) మాత్రం ఎత్తనక్కర్లేదు, చుట్టు గట్లలో కలిసిపోతుంది.

ఇప్పుడు ఆ పూర్తి వరస దాకా విప్పితే చాలు. షార్ట్ రోలు కదపొద్దు.