ఆ కార్నర్ దగ్గర గోడ ఎప్పుడొచ్చింది?

తమ్ముడూ,

'మాస్టారూ' అని రాశావు కాబట్టి చనువుగా నువ్వనే అంటున్నాను. మీ కాలనీ ఫుట్‌బాల్ గ్రౌండ్ చరిత్ర పన్నెండు పేజీలూ చదివాను. తొమ్మిదో పేజీలో ఒక్కచోట ఆగిపోయాను. పడమటి కార్నర్ దగ్గర గోడ అడ్డమనీ, అక్కడ కార్నర్ కొట్టేవాడు మడమ గోడకి ఆనించి నిలబడే కొట్టాలనీ రాశావు. బూట్లు రుద్దుకుని సున్నం లేచిపోయిన ఆ గోడ అడుగు భాగం నా కళ్లకు కట్టింది.

కోపం కూడా అక్కడే వచ్చింది. కార్నర్ జెండాకి ఆనుకుని ఎవరూ గోడ కట్టరు కదా! అంటే ఒకప్పుడు గ్రౌండ్ ఆ గోడ అవతల దాకా ఉండి ఉండాలి, లేదా గీతలైనా జరిగి ఉండాలి. ఎవరు కట్టారు, ఎప్పుడు కట్టారు, ఆ రోజు ఎవరైనా అడ్డం పడ్డారా? ఇవేవీ అడగకుండా మళ్లీ కప్పులు, శాలువాలు, ముఖ్య అతిథుల దగ్గరికి వెళ్లిపోయావు.

'ఎందరో క్రీడాకారులకు పురుడు పోసిన మైదానం' అన్న మొదటి వాక్యం కొట్టెయ్యి. అది ఏ ఊరి గ్రౌండ్‌కైనా అతుకుతుంది. తర్వాతి మూడు పేజీలు భారత ఫుట్‌బాల్ జట్టు కోచ్ రహీం సాబ్ గురించి. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తాలో ఏషియన్ గేమ్స్ బంగారు పతకం, అన్నీ నిజాలే, మనందరికీ గర్వకారణాలే. కానీ ఆయన హైదరాబాద్ మనిషి. మీ కాలనీ గ్రౌండ్‌కి పెద్దరికం కోసం ఆయన్ని విశాఖ దాకా లాక్కురాకు. బెంగాల్ నాగపూర్ రైల్వేతోనే వాల్తేరుకి ఫుట్‌బాల్ వచ్చిందన్నావు. నాకూ అలాగే అనిపిస్తుంది. కానీ నీకెవరు చెప్పారు? కాలనీలో రిటైరైన ఒక్క రైల్వే ఫిట్టర్‌నైనా కూర్చోబెట్టి అడిగావా?

గ్రౌండ్ చరిత్ర అంటే దాని హద్దుల చరిత్ర. నేను ఎవరికైనా ఈ మాటే చెబుతాను. కప్పు షోకేసులో ఉంటుంది, మీద ఏడాది చెక్కి ఉంటుంది, ఎప్పుడైనా చూసి రాసుకోవచ్చు. గోడ నాలుగడుగులు లోపలికి జరిగితే పదేళ్ల తర్వాత అది చెప్పేవాడే ఉండడు.

ఇది నేను దెబ్బ తిని తెలుసుకున్నాను. అప్పట్లో హార్బర్‌లో ఓడల సరుకు లెక్క రాసే టాలీ క్లర్క్‌ని. నైట్ షిఫ్ట్‌లో ఓడకీ ఓడకీ మధ్య పాత టాలీ షీట్ల వెనక రాసుకునేవాణ్ని. మా పేట గ్రౌండ్ గురించి అలాగే రాసి ఒక వారపత్రికకి ఇచ్చాను. 1996 ఫిబ్రవరి అది. 23న ఇందిరా ప్రియదర్శిని స్టేడియంలో ఆస్ట్రేలియా, కెన్యా క్రికెట్ ప్రపంచకప్ మ్యాచ్. 'ఫుట్‌బాల్ ఎవడు చదువుతాడయ్యా?' అన్నాడు ఎడిటర్. ఆ మ్యాచ్‌లో ఆస్ట్రేలియా ఆటగాడు మార్క్ వా కొట్టిన 130 పరుగుల గురించి ఒక పేరా నాచేత రాయించి, చోటు చాలదని మా గెడ్డ, అంటే వాగు, గురించిన పేరా తీసేశాడు. మా గ్రౌండ్‌కి తూర్పు హద్దు ఆ గెడ్డే. బంతి అందులో పడితే దిగి తెచ్చేవాడి మోకాళ్ల దాకా నల్లటి బురద ఉండేది. వాడు ఒడ్డెక్కి కాళ్లు దులుపుకునే దాకా ఆట ఆగేది. అచ్చులో పేరు చూసుకోవాలన్న ఆశతో నేను ఒప్పుకున్నాను. తర్వాత గెడ్డని కప్పేశారు, దాని మీద రోడ్డు పడింది, గ్రౌండ్‌లో అపార్ట్‌మెంట్లు లేచాయి. మొన్న ఒక కుర్రాడు వచ్చి మీ గ్రౌండ్ ఎక్కడి దాకా ఉండేదని అడిగితే నా వ్యాసం తీసి ఇచ్చాను. అందులో మార్క్ వా ఉన్నాడు, గెడ్డ లేదు. ఆ ఎడిటర్ మీద కోపం నాకు ఇప్పటికీ పోలేదు, ఒప్పుకున్నందుకు నా మీద కూడా.

అందుకే చెబుతున్నాను, టేపు పట్టుకుని వెళ్లు. రూల్ ప్రకారం గ్రౌండ్ పొడవు 90 నుంచి 120 మీటర్లు, వెడల్పు 45 నుంచి 90 దాకా ఉండొచ్చు. మీది ఎంతుందో కొలువు. గోల్ పోస్టుల మధ్య 7.32 మీటర్లు ఉండాలి, పెనాల్టీ మార్క్ 11 మీటర్ల దూరంలో ఉండాలి. అవి సరిగ్గా ఉండి వెడల్పు మాత్రం తగ్గితే, ఏ వైపు తగ్గిందో చూడు. టౌన్ సర్వే రిజిస్టర్‌లో ఆ స్థలం ఎంతని ఉందో అడుగు. ఒకటికి నాలుగుసార్లు తిప్పుతారు, అయినా వెళ్లు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫానుకి మీ గోడ పడిందని ఒక ముక్కలో తేల్చేశావు. దాన్ని మళ్లీ పాత పునాది మీదే లేపారా, లోపలికి జరిపి కట్టారా? పాత పునాది రాళ్లు మట్టిలో ఇంకా తగులుతాయేమో గునపంతో చూడు.

ఎక్కడ అచ్చవుతుంది, ఎంతిస్తారు అని అడిగావు. ముందు గోడ సంగతి తేలనీ.

ఆదివారం పొద్దున్నే, పిల్లలు ఆటకి దిగకముందు వెళ్లు. టేపు రెండో కొస పట్టుకోవడానికి ఎవరూ దొరక్కపోతే ఫోన్ చెయ్యి, నేనొస్తాను.