అమెరికాలో పుట్టిన మనవణ్ని మా దగ్గర ఉంచుకోవాలంటే ఏ కాగితాలు కావాలి?

ప్రశ్న: మా అమ్మాయి, అల్లుడు టెక్సస్‌లో హెచ్-1బీ వీసా మీద ఉద్యోగాలు చేస్తున్నారు. మనవడు 2022 ఫిబ్రవరిలో అక్కడే పుట్టాడు. ఆ ఏప్రిల్‌లోనే వాడికి అమెరికా పాస్‌పోర్టు తీసుకున్నారు, ఓసీఐ (భారత మూలాలున్న విదేశీ పౌరులకు మన ప్రభుత్వం ఇచ్చే కార్డు) మాత్రం తీసుకోలేదు. 2026 జూన్‌లో అమ్మాయి వాణ్ని తీసుకొచ్చి, ఏడాదిన్నర పాటు తెనాలిలో మా దగ్గర వదిలి వెళ్తానంటోంది. అల్లుడు రావడం కుదరదు. ఈ-వీసా మీద వచ్చి ఇక్కడ పొడిగించుకోవచ్చని ఒకరంటున్నారు. తల్లిదండ్రులిద్దరూ భారతీయులే కదా, తెనాలిలో పుట్టినట్లు బర్త్ సర్టిఫికెట్ తెచ్చిపెడతాను, ఇండియన్ పాస్‌పోర్టు వచ్చేస్తుందని ఇంకొకాయన అంటున్నాడు. మేం ఏం చేయాలి?

జవాబు: ఆ బర్త్ సర్టిఫికెట్ ఆలోచన ఈరోజే వదిలేయండి. టెక్సస్‌లో పుట్టిన పిల్లవాడు తెనాలిలో పుట్టినట్లు రాయించి పాస్‌పోర్టుకు దరఖాస్తు చేస్తే, దాని మీద సంతకం పెట్టేది మీ అమ్మాయి. పాస్‌పోర్టుల చట్టం, 1967 సెక్షన్ 12 ప్రకారం తెలిసి తప్పుడు సమాచారం ఇస్తే రెండేళ్ల వరకు జైలు, లేదా 5 వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడతాయి. సహకరించినవాళ్లకూ అదే శిక్ష. దొంగ పత్రం సృష్టించిన నేరం వేరే. రేపు హెచ్-1బీ పొడిగింపు, గ్రీన్‌కార్డు అంటూ కాగితాలు పెట్టుకోవాల్సిన అమ్మాయిని అలాంటి కేసులో ఇరికించకండి.

తల్లిదండ్రులు భారతీయులైతే బిడ్డా భారతీయుడే అన్నది సగమే నిజం. పౌరసత్వ చట్టం, 1955 సెక్షన్ 4 చూడండి. 2004 డిసెంబరు 3, ఆ తర్వాత విదేశంలో పుట్టిన బిడ్డకు వంశక్రమంగా మన పౌరసత్వం రావాలంటే ఏడాదిలోగా భారత కాన్సులేట్‌లో జననం నమోదు చేయించాలి. గడువు దాటితే కేంద్ర ప్రభుత్వ అనుమతి కావాలి. ఆ నమోదు సమయంలో, బిడ్డకు మరే దేశపు పాస్‌పోర్టూ లేదని తల్లిదండ్రులు రాసివ్వాలి. మీ మనవడికి రెండు నెలల వయసులోనే అమెరికా పాస్‌పోర్టు వచ్చింది కాబట్టి ఆ మాట నిజాయితీగా రాసివ్వలేరు. ఆ దారి అక్కడే మూసుకుపోయింది. ఒకవేళ తెరిచి ఉన్నా ఉపయోగం తక్కువ. అమెరికా పౌరులు ఆ దేశంలోకి రావాలన్నా, వెళ్లాలన్నా అమెరికా పాస్‌పోర్టు మీదే ప్రయాణించాలన్నది అక్కడి చట్టం. సొంత పౌరుడికి వాళ్లు వీసా ఇవ్వరు. ఇండియన్ పాస్‌పోర్టు పట్టుకుని తిరిగి అమెరికా ఎలా వెళ్తాడు? అందుకే మీ మనవడికి సరైనది అమెరికా పాస్‌పోర్టు, దానికి తోడు ఓసీఐ.

ఈ-వీసా సలహాలో చాలామంది పొరబడేది ఒక్కచోటే. ఐదేళ్ల ఈ-టూరిస్టు వీసా అంటే ఐదేళ్లు ఉండొచ్చని కాదు. ఆ ఐదేళ్లు వీసా చెల్లుబాటు మాత్రమే. అమెరికన్లు దాని మీద ఇక్కడ ఉండగలిగేది 180 రోజులు, ఇక్కడ పొడిగించుకునే వీలు లేదు. గడువు దాటితే నాలుగేళ్ల పిల్లవాడైనా అక్రమంగా ఉన్న విదేశీయుడి కిందే లెక్క. జరిమానా కట్టి, ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓ (విదేశీయుల నమోదు కార్యాలయం) నుంచి ఎగ్జిట్ పర్మిట్ తెచ్చుకుంటే తప్ప విమానం ఎక్కనివ్వరు. ఓసీఐ ఉంటే ఈ బాధ లేదు. అది జీవితకాలపు బహుళ ప్రవేశ వీసాతో సమానం. ఎన్నాళ్లున్నా ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓలో నమోదు అక్కర్లేదు.

మీరు అడగని విషయం ఒకటుంది. అసలు ముప్పు అక్కడే ఉంది. పదహారేళ్ల లోపు పిల్లలకు అమెరికా పాస్‌పోర్టు ఐదేళ్లకే ఇస్తారు. మనవడి పాస్‌పోర్టు 2027 ఏప్రిల్‌తో ముగుస్తుంది. వాడు తిరిగి వెళ్లాల్సింది 2027 డిసెంబరులో. అంటే మీ దగ్గర ఉండగానే పాస్‌పోర్టు చెల్లకుండా పోతుంది. కాబట్టి అక్కడ బయల్దేరే ముందే కొత్తది తీసుకోమనండి. గడువు మిగిలి ఉన్నా తీసుకోవచ్చు.

పిల్లల పాస్‌పోర్టుకు పోస్టులో రెన్యువల్ ఉండదు. ప్రతిసారీ డీఎస్-11 ఫారంతో కొత్త దరఖాస్తే. తల్లీ తండ్రీ ఇద్దరూ పిల్లవాణ్ని వెంటబెట్టుకుని వెళ్లాలి. పాత పాస్‌పోర్టు, బర్త్ సర్టిఫికెట్, తల్లిదండ్రుల గుర్తింపు పత్రాలు, వాటి జిరాక్సులు, ఫొటో తీసుకెళ్లాలి. ఫారం మీద ఇంట్లోనే సంతకం పెట్టేసి వెళ్తే మళ్లీ కొత్త ఫారం నింపాలి. అధికారి ముందే పెట్టాలి. ఫీజు 100 డాలర్లు, దరఖాస్తు స్వీకరించే చోట మరో 35. మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అదనంగా 60 డాలర్లు కడితే త్వరగా వస్తుంది. ఇద్దరిలో ఒకరు వెళ్లలేకపోతే వారు డీఎస్-3053 ఫారంలో నోటరీ ముందు సమ్మతి రాసివ్వాలి, గుర్తింపు కార్డు నకలు జతచేయాలి. ఆ సమ్మతి 90 రోజులే చెల్లుతుంది.

కొత్త పాస్‌పోర్టు చేతికొచ్చాకే ఓసీఐకి దరఖాస్తు చేయాలి. ముందు ఓసీఐ తీసుకుని తర్వాత పాస్‌పోర్టు మారిస్తే నష్టమేమీ ఉండదు గానీ, మూడు నెలల్లోగా కొత్త పాస్‌పోర్టు, ఫొటో ఆన్‌లైన్‌లో అప్‌లోడ్ చేసే పని మీద పడుతుంది. ఇరవై ఏళ్లు వచ్చేవరకు పాస్‌పోర్టు మారిన ప్రతిసారీ ఇది ఉచితంగానే చేయాలి. ఓసీఐ ఫీజు 275 డాలర్లు, సర్వీసు చార్జీలు అదనం. పాస్‌పోర్టు, బర్త్ సర్టిఫికెట్, తల్లిదండ్రుల భారత పాస్‌పోర్టులు, పెళ్లి సర్టిఫికెట్, చిరునామా రుజువు, ఇద్దరూ నోటరీ ముందు సంతకం చేసిన అనుమతి పత్రం ఇవ్వాలి. సంతకం పెట్టడం రాని మగపిల్లవాడైతే గడిలో ఎడమ బొటనవేలి ముద్ర వేయించాలి. తల్లో తండ్రో పిల్లవాడి పేరు రాసి సంతకం పెడితే దరఖాస్తు వెనక్కి వస్తుంది. ఈ రెండు పనులకూ కలిపి కనీసం మూడు నాలుగు నెలలు చేతిలో ఉంచుకోవాలి. జూన్ ప్రయాణానికి ఫిబ్రవరిలో మొదలుపెడితేనే నిశ్చింత.

బర్త్ సర్టిఫికెట్ అంటే ఆసుపత్రి వాళ్లు పాదముద్రలు వేసి ఇచ్చే అందమైన కాగితం కాదు. రాష్ట్ర రికార్డుల శాఖ ఇచ్చే, తల్లిదండ్రుల పేర్లున్న పూర్తి నకలు. అందులో పేర్లు ఇప్పుడే చూసుకోండి, మన తెలుగువాళ్లకు ఎక్కువగా తిప్పలు వచ్చేది ఇక్కడే. భారత పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి, మొత్తం పేరు ఒకే గడిలో ఉన్నవాళ్లకు అమెరికా వీసాలో అసలు పేరు ఇంటిపేరు స్థానంలోకి వెళ్లి, మొదటి పేరు దగ్గర ‘ఎఫ్ఎన్‌యూ’ అని పడుతుంది. మొదటి పేరు తెలియదని దాని అర్థం. ఆసుపత్రిలో అదే చూసి బిడ్డ సర్టిఫికెట్‌లో తండ్రి పేరుగా ఎక్కించేస్తారు. అది అల్లుడి భారత పాస్‌పోర్టుతో సరిపోలక ఓసీఐ ఆగుతుంది. అలా ఉంటే ముందు టెక్సస్ రికార్డుల్లో సవరణకు దరఖాస్తు చేయించండి.

అల్లుడు రావడం లేదు కాబట్టి సమ్మతి పత్రం తప్పనిసరిగా రాయించండి. అడగని అధికారులూ ఉంటారు గానీ, అడిగిన రోజున చేతిలో లేకపోతే కష్టం. పిల్లవాడి పేరు, పుట్టిన తేదీ, పాస్‌పోర్టు నంబరు, ఎవరితో వస్తున్నాడు, ఎక్కడ ఎవరి దగ్గర ఉంటాడు, ఎప్పటికి తిరిగి వెళ్తాడు, ఇవన్నీ ఉండాలి. తిరిగి వెళ్లే తేదీని వదిలేయకండి. పిల్లలను దేశం దాటించడంపై 1980 నాటి హేగ్ ఒప్పందంలో మన దేశం లేదు. భార్యాభర్తల మధ్య మాట తేడా వస్తే అమెరికాలో ఇది కిడ్నాప్ ఆరోపణ దాకా వెళ్తుంది. 1993 నాటి అక్కడి చట్టంలో దానికి మూడేళ్ల వరకు జైలు ఉంది. మీ ఇంట్లో అలాంటిదేమీ లేకపోవచ్చు. అయినా ఆ కాగితం తల్లికీ తండ్రికీ, పిల్లవాణ్ని ఉంచుకునే మీకూ రక్షణ.

ఆసుపత్రి, బడి పనుల కోసం అమ్మాయి, అల్లుడు ఇద్దరూ మీ పేర పవర్ ఆఫ్ అటార్నీ రాయాలి. నోటరీ చేయించి, టెక్సస్ సెక్రటరీ ఆఫ్ స్టేట్ దగ్గర అపోస్టిల్ (పత్రం వేరే దేశంలో చెల్లేందుకు వేసే అధికారిక ధ్రువీకరణ) వేయించాలి. అది ఇక్కడికి చేరిన మూడు నెలల్లోగా స్టాంపు సుంకం కట్టించాలి. దీంతో మీరు సంరక్షకులైపోరు. సంరక్షకత్వం ఇవ్వగలిగేది కోర్టే. కానీ అత్యవసరంగా ఆపరేషన్ అవసరమైతే సంతకం పెట్టడానికి ఈ పత్రం పనికొస్తుంది. బర్త్ సర్టిఫికెట్‌కూ అప్పుడే అపోస్టిల్ వేయించి ఒక నకలు పంపమనండి.

బడిలో ఆధార్ అడుగుతారు. ఓసీఐ ఉన్నవారికీ ఆధార్ ఇస్తారు గానీ, గడిచిన 12 నెలల్లో 182 రోజులు ఇక్కడ ఉండాలి. అంతవరకు పాస్‌పోర్టు, ఓసీఐ నకళ్లే ఇవ్వండి. ఆధార్ వచ్చినంత మాత్రాన పౌరసత్వం రాదు. ఆధార్ చట్టమే సెక్షన్ 9లో ఈ సంగతి చెబుతోంది.

ఏ కారణం చేతైనా పాస్‌పోర్టు ఇక్కడే మార్చాల్సి వస్తే హైదరాబాద్‌లోని అమెరికా కాన్సులేట్‌కు పిల్లవాణ్ని తీసుకెళ్లాలి. తల్లిదండ్రులిద్దరూ ఇక్కడ లేకపోతే, మీరు దరఖాస్తు చేయవచ్చని ఇద్దరూ నోటరీ ముందు రాసిన సమ్మతి అసలు ప్రతి రావాలి. వాట్సాప్‌లో పంపిన ఫొటో పనికిరాదు.

తిరుగు ప్రయాణంలో వాణ్ని మీరే దిగబెట్టేట్లయితే మీ విజిటర్ వీసా గడువు ఇప్పుడే చూసుకోండి, వెంట వెళ్లేవారిగా మీ పేరుతో తల్లిదండ్రుల చేత మరో సమ్మతి పత్రం రాయించుకోండి. అది పాస్‌పోర్టు, ఓసీఐ కార్డుతో కలిపి చేతిసంచిలోనే ఉండాలి, లగేజీలో వేయకండి.