బ్రిటన్‌లో స్పీడ్ బోర్డు కనపడని రోడ్డు మీద లిమిట్ ఎంతో ఎలా తెలుస్తుంది?

మీరు అడిగింది ఇది: బ్రిటన్ వచ్చి నాలుగు నెలలైంది, ఇండియా లైసెన్సు మీదే అద్దె కారు నడుపుతున్నారు. సూపర్‌మార్కెట్ పార్కింగులోంచి రోడ్డెక్కి అర మైలు పోయినా ఒక్క స్పీడ్ బోర్డూ కనపడలేదు. అది ముప్ఫయ్యా, నలభయ్యా, అరవయ్యా? పక్కన ఇళ్లు లేవు కాబట్టి యాభైలో పోవచ్చా?

పోకూడదు. ఇక్కడ ఇళ్లతో లెక్క లేదు, చూడాల్సింది వీధి దీపాలు. రోడ్డు పొడవునా దీపాల స్తంభాలు వరసగా ఉండి, వేరే అంకె ఉన్న బోర్డు ఏదీ లేకపోతే ఇంగ్లండులో లిమిట్ 30, వేల్స్‌లో 20. దీపాలూ లేవు, బోర్డులూ లేవు అంటే అది నేషనల్ స్పీడ్ లిమిట్: మధ్యలో డివైడర్ లేని రోడ్డు మీద కారుకి 60, డివైడర్ ఉంటే 70. ఇవన్నీ గంటకి మైళ్లు. మన లెక్కలో 20 అంటే 32 కిలోమీటర్లు, 30 అంటే 48, 60 అంటే దాదాపు 97, 70 అంటే 113.

మనవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఒకచోటే. దీపాలున్న 30 రోడ్డు మీద 30 బోర్డు మళ్లీ మళ్లీ పెట్టరు. పెట్టడానికి నిబంధనలే ఒప్పుకోవు. ఊరు మొదట్లో ఒకసారి పెద్ద బోర్డు ఉంటుంది, అంతే. ఆ తర్వాత ఊరు దాటేదాకా గుర్తు చేసే పని దీపాలదే. మీలా పార్కింగులోంచో పెట్రోలు బంకులోంచో మధ్యలో ఎక్కినవాళ్లు ఆ మొదటి బోర్డు చూసి ఉండరు, రెండో బోర్డు రాదు. "బోర్డు లేదు కాబట్టి లిమిట్ లేదు" అని మన రోడ్ల అలవాటుతో అనుకున్నారంటే ఫైను కట్టాల్సిందే.

దీపాలంటే ఎన్ని, ఎంత దూరంలో అన్నది కూడా చట్టంలోనే ఉంది. 1984 నాటి రోడ్ ట్రాఫిక్ రెగ్యులేషన్ చట్టం 82వ సెక్షన్ ప్రకారం స్తంభానికీ స్తంభానికీ మధ్య 183 మీటర్లు, అంటే 200 గజాలు, మించకూడదు. పట్టణాల్లో 30 లిమిట్ 1935 నుంచీ ఉంది. వరసగా కనీసం మూడు దీపాలుండి, వాటి వెలుగు రోడ్డు మీద పడేలా ఉంటేనే దాన్ని దీపాల వరస అంటారని ప్రభుత్వ మార్గదర్శకాలు చెబుతాయి. కాబట్టి పొలాల మధ్య కూడలిలో ఒంటరిగా ఉన్న ఒకటి రెండు దీపాల వల్ల ఆ రోడ్డు 30 అయిపోదు. పార్కు లోపల నడకదారికి పెట్టిన పొట్టి దీపాలూ లెక్కలోకి రావు. చెక్క స్తంభాలు, వాటి మీద తీగలు మాత్రమే కనపడితే అవి టెలిఫోనువో కరెంటువో, వాటినీ లెక్కపెట్టొద్దు. స్తంభం పైన దీపం ఉండాలి. అది వెలుగుతూనే ఉండాలని మాత్రం లేదు. చాలా కౌన్సిళ్లు (మన మునిసిపాలిటీల్లాంటివి) అర్ధరాత్రి దాటాక దీపాలు ఆపేస్తాయి, లిమిట్ మాత్రం అలాగే ఉంటుంది.

183 మీటర్లు కంటితో కొలవలేం కానీ సెకన్లతో కొలవచ్చు. 30లో పోతుంటే కారు సెకనుకి 13 మీటర్ల పైచిలుకు కదులుతుంది. ఒక స్తంభం దాటి మనసులో పదమూడు లెక్కపెట్టే లోపు రెండోది వస్తే అది 183 లోపే. నిజానికి పట్టణాల్లో స్తంభాలు చాలా దగ్గరగా ఉంటాయి, మూడు నాలుగు సెకన్లకొకటి వస్తుంది. అంత లెక్క చూసుకోవాల్సి వచ్చేది ఊరి చివర్లో, స్తంభాలు పలచబడే చోట మాత్రమే.

ఇప్పుడు దీపాలుండి కూడా 30 కాని రోడ్ల సంగతి. లిమిట్ 40 గానీ 50 గానీ అయితే దారిపొడవునా గుర్తుచేసే చిన్న బోర్డులు పెట్టి తీరాలి. వీటిని రిపీటర్లు అంటారు. మొదటి బోర్డు పెద్దది, చాలాచోట్ల రోడ్డుకి రెండు పక్కలా ఉంటుంది. రిపీటరు మాత్రం అన్నం తినే కంచమంత, అడుగు వెడల్పు ఉంటుంది. ఎర్ర అంచు, తెల్ల మధ్య, నల్ల అంకె. ఎక్కువగా దీపస్తంభానికే తల ఎత్తుకి పైన బిగించి ఉంటుంది. అందుకే ముందు బండి మీదో రోడ్డు మీదో మాత్రమే కళ్లు పెట్టి నడిపేవాళ్లకి అవి కనపడవు. రిపీటర్లు కొన్ని వందల మీటర్లకొకటి వస్తాయి. పది పదిహేను స్తంభాలు దాటినా ఏ స్తంభానికీ కంచం లేదంటే అది 30 అనే నడపండి. తెల్ల పళ్లెం మీద ఏటవాలుగా ఒక్క నల్ల గీత ఉంటే అది నేషనల్ లిమిట్ గుర్తు. దీపాలున్న రోడ్డు 60 లేదా 70 అయితే ఆ గుర్తునే చిన్న సైజులో స్తంభాలకి కడతారు.

బోర్డు ఒక్కటీ చూడనివాళ్లు పక్కసందుల మొదళ్లు చూడాలి. లిమిట్ మారేచోట రెండు దిక్కులవాళ్లకీ తెలియాలి కాబట్టి, పెద్దరోడ్డు 40, సందు 30 అయితే సందు మొదట్లోనే బోర్డు ఉంటుంది. లోపలికి తిరిగేవాళ్లకి 30, దాని వీపు వైపు, బయటికొచ్చేవాళ్లకి, 40. మీరు పెద్దరోడ్డు మీద పోతూ వరసగా రెండు మూడు సందుల మొదట్లో 30 పళ్లేలు చూశారంటే మీ రోడ్డు 30 కాదని అర్థం. లిమిట్ ఒకటే అయితే అక్కడ బోర్డు పెట్టాల్సిన పనే లేదు. సందుల మొదట్లో 20 కనపడితే మీ రోడ్డు 20 కాదు. ఏ సందుకీ ఏ బోర్డూ లేదు, దీపాలు వరసగా ఉన్నాయి అంటే మీరూ ఆ సందులూ ఒకే లిమిట్‌లో ఉన్నట్టు. ఇదే కిటుకు తిరగేసి కూడా పనికొస్తుంది. సందులోంచి పెద్దరోడ్డు మీదకి తిరిగినప్పుడు మొదట్లో బోర్డు కనపడలేదంటే సందులో ఉన్న లిమిటే కొనసాగుతోందన్నమాట.

ఊరి పొలిమేరలో కారు వెనక చూసే అద్దం కూడా సాయం చేస్తుంది. చాలాచోట్ల ఒకే స్తంభానికి ముందు 30, వెనక ఏటవాలు గీత పళ్లెం వీపులు ఆనించి కడతారు. కొమ్మ అడ్డం వచ్చి ముందు పళ్లెం కనపడకపోయినా, దాటాక అద్దంలో గీత ఉన్న తెల్ల పళ్లెం కనపడితే మీరు ఇప్పుడే ఊళ్లోకి వచ్చారని తెలుస్తుంది. వేసవిలో హెడ్జిలు, అంటే రోడ్డు పక్క పొదల కంచెలు, గుబురుగా పెరిగి బోర్డుల్ని సగం మింగేస్తాయి, ఆ నెలల్లో ఇంకొంచెం జాగ్రత్త. చాలా ఊళ్ల మొదట్లో రోడ్డు మీదే పెద్ద గుండ్రంలో 30 అని పెయింటు వేస్తారు. బోర్డు పోయినా పెయింటు మిగిలి ఉండొచ్చు.

డివైడర్ రోడ్ల మీద రెండు పొరపాట్లు జరుగుతాయి. మొదటిది, లేన్లు లెక్కపెట్టడం. అటు రెండు ఇటు రెండు లేన్లున్నా మధ్యలో పెయింటు చారలే ఉంటే అది చట్టం దృష్టిలో సింగిల్ క్యారేజ్‌వే, 60 రోడ్డే. గడ్డి గానీ, రెయిలింగు గానీ, కట్ట గానీ, ఏదో ఒకటి నిజంగా రెండు దారుల్నీ విడదీస్తేనే డ్యూయల్. రెండోది దీనికంటే ప్రమాదం: ఊళ్లో దీపాలున్న డ్యూయల్ క్యారేజ్‌వే చూసి 70 అనుకోవడం. దీపాలుండి రిపీటర్లు లేకపోతే మూడు లేన్లున్నా అది 30. మోటర్‌వే ఒక్కటే దీనికి మినహాయింపు. నీలం బోర్డుల ఎం రోడ్డు మీద దీపాలున్నా 70 ఉంటుంది, వేరే అంకె చూపిస్తే తప్ప. పైన రోడ్డుకి అడ్డంగా ఉండే గాంట్రీ చట్రం మీద ఎర్ర వలయంలో అంకె వెలిగితే అది తప్పనిసరి, వలయం లేకుండా ఉత్త అంకె వెలిగితే సలహా.

వేల్స్ వెళ్తే ఒక్క సంగతి మార్చుకోవాలి. 2023 సెప్టెంబరు 17 నుంచి దీపాలున్న రోడ్ల లిమిట్ అక్కడ 20. రిపీటర్ల సంగతీ దాంతోపాటే తిరగబడింది: అక్కడ 20కి రిపీటర్లుండవు, దీపాలున్న రోడ్డు 30 అయితే 30 రిపీటర్లు ఉంటాయి. బ్రిస్టల్ నుంచి కార్డిఫ్ వెళ్లేవాళ్లు ఇది బాగా గుర్తుపెట్టుకోవాలి. స్కాట్లండులో స్తంభాల మధ్య 185 మీటర్లు, పైగా ఆ నియమం వర్తించేది సీ రోడ్లకీ అంతకంటే చిన్నవాటికీ (ఇక్కడ రోడ్లని పెద్దవాటి నుంచి చిన్నవాటికి ఏ, బీ, సీ అని వర్గాలు చేస్తారు). ఏ, బీ రోడ్లకి స్థానికంగా ఉత్తర్వు ఇచ్చి బోర్డు పెడతారు. నడిపేవాడికి ఇది పెద్ద తేడా కాదు, దీపాలు చూసి 30 అనుకుంటే నష్టం లేదు. లండన్‌లో చాలా వీధులు స్థానిక ఉత్తర్వుతో 20 అయ్యాయి, అక్కడ పళ్లేలో రోడ్డు మీద పెయింటు అంకెలో ఉంటాయి.

ఇల్లు మారేటప్పుడు అద్దెకి తెచ్చే పెద్ద లూటన్ వ్యాను (వెనక పెట్టెలా ఉండే సామాన్ల వ్యాను) గురించి మీరు అడగలేదు కానీ చెప్పాలి. దానికి నేషనల్ లిమిట్ కారుది కాదు. సింగిల్ రోడ్డు మీద 50, డ్యూయల్ మీద 60, మోటర్‌వే మీద 70. అందరూ కలిసి గుడికి పోవడానికి తీసుకునే మినీబస్సుకీ అంతే, అంటే డ్రైవరు కాక ఎనిమిది మందికంటే ఎక్కువ సీట్లున్న బండికి. ఎనిమిది మంది వరకైతే అది కారు లెక్కే. ఏటవాలు గీత బోర్డుకి అర్థం బండిని బట్టి మారుతుంది, అందుకే దాని మీద అంకె వేయరు.

ఫోనులో మ్యాపు చూపించే లిమిట్ మంచి రెండో సాక్షి, మొదటి సాక్షి కాదు. కౌన్సిలు లిమిట్ తగ్గించాక మ్యాపులోకి ఎక్కడానికి టైము పడుతుంది. రోడ్డు పనుల దగ్గర పెట్టే తాత్కాలిక లిమిట్ దానికి చాలాసార్లు తెలియదు. కారులోని కెమెరా పక్కనున్న స్లిప్ రోడ్డు బోర్డు చదివి మీకు 40 అని చూపించవచ్చు. మ్యాపు 40 అని, స్తంభాలకి పళ్లేలు లేవని తేడా వస్తే తక్కువ అంకెనే పట్టుకోండి. 30, 40ల మధ్య తేడా మైలుకి అర నిమిషమే.

తప్పినా శిక్ష చిన్నదనుకోవద్దు. కనీసం 100 పౌన్ల ఫైను, లైసెన్సు మీద 3 పెనాల్టీ పాయింట్లు. వేగం కాస్తే మించితే పాయింట్ల బదులు వేగం గురించి చెప్పే క్లాసుకి రమ్మనే అవకాశం ఉంటుంది. ఇండియా లైసెన్సు మీద నడుపుతున్నా లైసెన్సులు చూసే ప్రభుత్వ సంస్థ డీవీఎల్ఏ మీ పేరున రికార్డు తెరిచి పాయింట్లు వేస్తుంది. ఇండియా లైసెన్సు ఇక్కడ స్థిరపడిన రోజు నుంచి 12 నెలలే చెల్లుతుంది. తర్వాత ఇక్కడ టెస్టు పాసైతే మొదటి రెండేళ్లలో 6 పాయింట్లకి లైసెన్సు రద్దు, మళ్లీ థియరీ నుంచి మొదలు. వేగం మించారని, కేసు పెట్టవచ్చని చెప్పే నోటీసు బండి యజమానికి 14 రోజుల్లో చేరాలి. అద్దె కారైతే అది ముందు కంపెనీకి వెళ్తుంది, మీ చేతికొచ్చేసరికి ఆ గడువు దాటినా నోటీసు చెల్లుతుంది.

బోర్డు నిజంగానే లేదని వాదించవచ్చా అంటే రోడ్డును బట్టి. దీపాల వల్ల 30 అయిన రోడ్డు మీద "బోర్డు కనపడలేదు" అన్న మాట నిలవదు, చట్టం దృష్టిలో దీపాలే బోర్డు. దీపాలు లేని రోడ్డు మీద స్థానికంగా 30 లేదా 40 పెట్టి, దాన్ని బోర్డులతో చూపించకపోతే మాత్రం శిక్ష వేయడానికి లేదని అదే చట్టం 85వ సెక్షన్ చెబుతుంది. అలాంటి అనుమానం ఉంటే వెంటనే ఆ రోడ్డుకి వెళ్లి, మీరు ఎక్కిన చోటు నుంచి స్పీడ్ కెమెరా ఉన్న చోటు దాకా తేదీ పడేలా ఫోటోలు తీయండి. రోడ్డు చూసే కౌన్సిలుని ఆ లిమిట్‌కి సంబంధించిన ట్రాఫిక్ రెగ్యులేషన్ ఆర్డరు కాపీ అడగండి. వారం ఆగితే బోర్డు మళ్లీ పెట్టేస్తారు, కొమ్మ కొట్టేస్తారు, మీ సాక్ష్యం పోతుంది.

ఫైను రాకపోయినా, విరిగిన బోర్డు, తిరిగిపోయిన బోర్డు, ఆకుల్లో మునిగిన బోర్డు కనపడితే కౌన్సిలు వెబ్‌సైటులో గానీ, వీధి సమస్యలు తెలిపే ఫిక్స్‌మైస్ట్రీట్ అనే వెబ్‌సైటులో గానీ రాయండి. మీ వెనక వచ్చేవాడు బడి పక్కన యాభైలో పోకుండా ఉంటాడు. రాసేటప్పుడు వీధి పేరుతో సరిపెట్టొద్దు. బండి సురక్షితంగా ఆపాక దగ్గర్లోని దీపస్తంభం చూడండి, దానికి చిన్న నంబరు పట్టీ అంటించి ఉంటుంది. ఆ నంబరు రాస్తే బాగుచేసే మనిషి వెతుక్కోకుండా నేరుగా ఆ స్తంభం దగ్గరికే వస్తాడు.