చెల్లా, ముందు ఎత్తుగా ఉండే కుర్చీ ఒకటి తెప్పించుకో

చెల్లా,

నిన్న రాత్రి కోడలుపిల్ల ఫోన్ చేసింది. తుంటి ఆపరేషన్ అయ్యి మూడు వారాలైనా అత్తమ్మ బాత్రూంకు తప్ప మంచం దిగడం లేదు, వ్యాయామం చేయించే ఫిజియో అమ్మాయి వస్తే నొప్పి అని ఏడ్చి రేపు రామ్మా అని పంపించేస్తాంది, నువ్వన్నా చెప్పు పెద్దత్తా అనింది. ఫోన్లో చెప్తే ఊ ఊ అని పెట్టేస్తావు, అందుకే కూర్చొని రాస్తాండా, కోడలితో రెండుసార్లు చదివించుకో.

నా సంగతి నీకు తెలుసు గానీ అసలు జరిగింది ఎవురికీ చెప్పలా. మూడేండ్ల కిందట వెనక వసారాలో కడప బండల మీద నీళ్లు పోసి కడుగుతా కడుగుతా జారి పడితే తుంటి ఎముక ఇరిగి, నీకు మాదిరే తుంటి కీలులో బాల్ మార్చినారు గదా, ఆపరేషన్ బాగానే అయింది, మరుసటిరోజే వాకర్ పట్టించి నిలబెట్టినారు కూడా. తప్పు జరిగింది ఇంటికొచ్చినాకే. పిల్లోళ్లకు భయం, మళ్లా పడితే ఎట్లా అని. నువ్వు లేయొద్దమ్మా మేం ఉండాం గదా అని నీళ్లు మంచం కాడికే, అన్నం మంచం కాడికే, దుప్పటి కూడా వాళ్లే కప్పేది. ప్రేమతో చేసినారు, నాకూ హాయిగానే ఉండింది. నెలన్నర పోయినాక ఒకరోజు చీర సర్దుకుంటా తొడ మీద చెయ్యి పెడితే చేతికి ఎముక తగిలినట్టే ఉండాది, తోలు కింద కండ అనేదే లేదు, రెండో కాలు పక్కన పెట్టి చూస్తే వేరే మనిషి కాలు మాదిరి ఉండాది. ఆ పొద్దు ఏడ్చినా చెల్లా, ఎముక ఇరిగిన రోజు కూడా అంత ఏడవలా.

తర్వాత వచ్చిన ఫిజియో అమ్మాయి చెప్పింది, 2007లో అమెరికాలో ఏ జబ్బూ లేని పెద్దోళ్లను 10 రోజులు మంచం మీదనే ఉంచి చూస్తే ఒక్క కాళ్లలోనే దాదాపు 1 కిలో కండ కరిగిపోయిందంట. బాగుండే వాళ్లకే అట్లయితే కోత పడిన మనకు ఎంత పోతాదో నువ్వే లెక్క వేసుకో. ఇంకోటి కూడా చెప్పింది, ఇదే నన్ను లేపింది. 1990లో బోస్టన్‌లో 90 ఏండ్ల వాళ్లతో 8 వారాలు కాళ్లకు బరువులు ఎత్తించినారంట, వాళ్ల కాళ్ల బలం రెండింతలు దాటి పెరిగిందంట. 90 ఏండ్లకు వచ్చిన బలం నీ 70కి రాదా? ఈ వయసులో ఇంకేం వస్తాది అని కోడలితో అన్నావంట, ఆ మాట ఇంకోసారి అనొద్దు.

సరే, ఇప్పుడు చేయాల్సింది చెప్తా. మంచం మీద ఉండేటప్పుడు గంటకోసారి రెండు పాదాలూ ముందుకీ వెనక్కీ 10 సార్లు ఆడించు, కాళ్లలో రక్తం గడ్డ కట్టకుండా ఉండేదానికి అది. తొడ కండ బిగబట్టి మోకాలిని పరుపుకు అదిమి 5 లెక్కపెట్టి వదులు. ఇవి చిన్నవే, ఎవురూ చూడకపోయినా చేసుకోవచ్చు.

అసలుది కుర్చీ. నా ఫిజియో అమ్మాయి వచ్చిన తొలిరోజు వ్యాయామం ఏమీ చెప్పలా, ఇల్లంతా తిరిగి చేతులుండే గట్టి కుర్చీ ఒకటి తెచ్చి గోడకు ఆనించి, దాని మీద రెండు దుప్పట్లు మడిచేసి ఎత్తు చేసింది. నువ్వూ అట్లనే చేసుకో, కూర్చుంటే మోకాలి కన్నా తుంటి పైనే ఉండాల, తక్కువ ఎత్తు సోఫా మీద కూర్చోవద్దు. అంచు దాకా జరుగు, ఆపరేషన్ కాలు కొంచెం ముందుకు పెట్టు, కుర్చీ చేతుల మీద అరచేతులు అదిమి మంచి కాలి మీద బలం వేసి లెయ్. నిలబడి రెండు ఊపిర్లు తీసుకొని తల తిరగడం లేదని చూసుకున్నాకే అడుగెయ్. కూర్చునేటప్పుడు దబ్బున పడొద్దు, మెల్లగా దిగాల, కండ గట్టిపడేది ఆ దిగేదాంట్లోనే ఎక్కువ. తొలిరోజు మూడుసార్లు లేస్తే చాలు, నేను రెండుసార్లకే చెమట పట్టి కూలబడినా. వారానికి ఒకటో రెండో పెంచు, చేతుల ఊతం మెల్లమెల్లగా తగ్గించు. మన వయసు ఆడోళ్లు 30 సెకన్లలో చేతులు ఆనించకుండా 10 సార్లు లేచి కూర్చోవాలంట, అంతకన్నా తక్కువైతే పడే ప్రమాదం ఉన్నట్టేనంట. నాకు 10 రావడానికి అయిదు నెలలు పట్టింది, ఇప్పుడు 13 లేస్తాండా.

బాగా నిలబడగలిగినాక వంటింటి గట్టు పట్టుకొని మడమలు లేపి దించు, తర్వాత ఆపరేషన్ కాలిని మోకాలు మడవకుండా పక్కకు లేపు. ఈ పక్కకు లేపేది మాత్రం ఒక్కరోజు కూడా మానొద్దు, ఎందుకంటే తుంటి పక్కనుండే కండ బలపడకపోతే నడిచేటప్పుడు మనిషి ఒక పక్కకు వాలి ఊగుతా పోతాది, బాల్ మార్చినోళ్లు శానామంది ఏండ్లు గడిచినా ఊగుతానే నడిచేది అందుకే.

వాకర్ నుంచి చేతికర్రకు వచ్చినాక కర్ర ఆపరేషన్ కాలికి అవతలి చేతిలో పట్టుకో, అందరూ తప్పు చేసేది ఇక్కడే. మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు. డాక్టరు సరే అనేదాకా కింద చాప మీద కూర్చునేది, కాలి మీద కాలేసుకునేది, ముందుకు వంగి కిందపడిన వస్తువు తీసేది వద్దు.

నొప్పి ఉంటాది, లేదని అబద్ధం చెప్పను. నేను చూసుకున్న గుర్తు ఏందంటే, చేసేటప్పుడు లాగినట్టు ఉండి తెల్లారేసరికి మామూలైతే సరే, తెల్లారినాక ఇంకా ఎక్కువుంటే ఆ పొద్దు సగమే చెయ్, మానెయ్యొద్దు. డాక్టరు రాసిచ్చిన నొప్పి మాత్ర ఫిజియో వచ్చేదానికి అరగంట ముందు వేసుకోవచ్చేమో అడుగు, నాకది బాగా పనిచేసింది. కానీ పిక్క వాచి గట్టిపడినా, ఆయాసం వచ్చినా, కుట్ల కాడ చీము, జ్వరం కనిపించినా, కాలు ఉన్నట్టుండి పొట్టిగా పక్కకు తిరిగినట్టు అనిపించినా ఆ గంటలోనే ఆస్పత్రికి పోవాల, రేపు చూద్దాం అనొద్దు.

తిండి సంగతి. పొద్దున రాగి జావ, రాత్రి సంగటి ముద్దలో కొంచెం పచ్చిమిరపకాయ ఊరిబిండి పచ్చడి, అంతే తింటానంటే కండ రాదు తల్లీ. మన వయసుకు కిలో బరువుకు 1 నుంచి 1.2 గ్రాముల ప్రొటీన్ కావాలంట, నువ్వు 50 కిలోలుంటే 50 నుంచి 60 గ్రాములు, గుడ్డులో ఉండేది 6 గ్రాములే. పొద్దున గుడ్లు, మధ్యాన్నం గట్టి పప్పు, పెరుగు, సాయంత్రం గుప్పెడు ఉడకబెట్టిన చెనక్కాయలు, అట్లా పూటపూటకూ పంచుకొని తిను. కిడ్నీ జబ్బు ఉండేవాళ్లకు ఈ లెక్క కుదరదు, నీకు షుగర్ ఉండాది కాబట్టి డాక్టరును ఒకమాట అడిగే పెంచు.

మీ బాత్రూంలో కూడా జారే నాపరాళ్లే గదా. కొడుక్కు చెప్పి కమోడ్ పక్కన గోడకు స్టీల్ రాడ్ కొట్టించు, కింద రబ్బరు మ్యాట్, రాత్రిపూట చిన్న బల్బు. ఆ పాత అరిగిపోయిన హవాయి చెప్పులు పారెయ్, వెనక పట్టీ ఉండేవి తొడుక్కో. నడక మొదలుపెడితే పొద్దున ఆరు లోపలే, మన ఎండ సంగతి నీకు చెప్పేదేముంది.

పోయిన ఉగాదికి దేవుని కడప వెంకటేశ్వరస్వామి గుడికి పోయినా చెల్లా. జనం ఎట్లుంటారో తెలుసు గదా ఆ పొద్దు, ముస్లిం ఆడోళ్లు కూడా కొబ్బరికాయలు పట్టుకొని వస్తారు, వాళ్ల పక్కనే లైన్లో నిలబడినా, కర్ర తీసుకొని పోయినా గానీ చంకలోనే పెట్టుకున్యా. స్వామి ముందరికి వచ్చినాక కండ్లలో నీళ్లు ఆగలా.

ఆదివారం పొద్దున బస్సుకు ప్రొద్దుటూరు వస్తాండా, ఒక్కదాన్నే. కోడలికి చెప్పి కుర్చీ తెప్పించి పెట్టు, దుప్పట్లు నేను మడిచేస్తా. ఫిజియో అమ్మాయిని కూడా ఆ పొద్దు రమ్మను, నేను పక్కనే కూర్చుంటా.

మీ అక్క