మమ్మల్ని చూసి పారిపోబోగా...

కడప

అమ్మా శిరీషా,

నీ కథ రెండుసార్లు చదివాను. మొదటిసారి కథ కోసం, రెండోసారి పెన్సిలు పట్టుకుని. ఎర్రగుంట్ల స్టేషన్‌లో రైలు దిగిన కుర్రాడు, వేరుశనక్కాయలు కొంటున్న మఫ్టీ కానిస్టేబుల్ కాళ్లకున్న ఎర్రబూట్లు చూసి పరుగందుకోవడంతో కథ మొదలుపెట్టావు. మంచి వేగం ఉంది. కానీ నేను ఆ బూట్ల దగ్గరే ఆగిపోయాను. ఎందుకో కాస్త వివరంగా చెప్పాలి.

నేను కోర్టు ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ గంజాయి కేసుల కాగితాలు చాలా నా చేతుల మీదుగా వెళ్లాయి. సోదా దగ్గర సాక్షుల ఎదుట రాసే పంచనామాల్లో, అంటే మధ్యవర్తుల నివేదికల్లో, ఊరు మారేది, తేదీ మారేది, పేర్లు మారేవి. ఒక్క వాక్యం మాత్రం మారేది కాదు: "మమ్మల్ని చూసి పారిపోవుటకు ప్రయత్నించగా వెంబడించి పట్టుకొంటిమి." చదివి చదివి ఆ వాక్యం నా కళ్లకు ఆనడం మానేసింది. ఒకరోజు ముద్దాయి తరఫు న్యాయవాది దాన్ని మళ్లీ కనబడేలా చేశారు. బోనులో హెడ్ కానిస్టేబుల్ ఉన్నాడు.

"ఆ రోజు మీరు యూనిఫాంలో ఉన్నారా?"

"లేదండి. అందరం మఫ్టీలోనే ఉన్నాం."

"జీపు?"

"దూరంగా నిలిపామండి."

"ముద్దాయి అంతకుముందు మిమ్మల్ని ఎప్పుడైనా చూశాడా?"

"లేదండి."

"మరి ఎవరిని చూసి పారిపోబోయాడు?"

ఆయన మాట్లాడలేదు. బోను కడ్డీ మీద చెయ్యి పెట్టి, బొటనవేలితో చూపుడువేలి గోరు గీరుకుంటూ నిలబడ్డాడు. అబద్ధం చెప్పే మనిషిలా నాకు కనబడలేదు. ఆ వాక్యం అలవాటుగా కాగితం మీదికి వచ్చింది, ఆయన అలవాటుగా కింద సంతకం చేశాడు, అంతే. పోలీస్ స్టేషన్‌లో రికార్డు రాసే ఉద్యోగిని 'రైటర్' అనే పిలుస్తారు, నీకు తెలిసే ఉంటుంది. మనమూ అదే పేరు పెట్టుకున్నాం. చూడకుండా రాసిన వాక్యం ఆ రైటరు చేతిలో ఒక మనిషిని ఏళ్ల తరబడి జైల్లో పెట్టగలదు. మన చేతిలో అదే వాక్యం, ఫలానా రకం మనిషి జైలుకు వెళితే ఎవరూ ప్రశ్నించని స్థితికి పాఠకుణ్ణి తెస్తుంది. రెండోది చిన్న తప్పని నేను అనుకోను.

మఫ్టీలో ఉన్నవాణ్ణి గుర్తుపట్టడం గురించి మనకు చాలా నమ్మకాలున్నాయి. పొట్టి క్రాపు, దువ్విన మీసం, ఎర్రబూట్లు, నడుము దగ్గర ఉబ్బెత్తుగా చొక్కా. ఇవన్నీ నీ కథలో ఉన్నాయి. ఇలా ఉన్నవాణ్ణి నిఘాకు పంపితే పంపినవాడికే పని తెలియదని అర్థం. మఫ్టీలో తిరిగి నిఘా పెట్టే ఐడీ పార్టీలో పనికొచ్చేది ఎవరి చూపూ ఆగని మనిషి.

అలాంటి ఒకాయన పక్కన నేను చాలా నెలలు టీ తాగాను, మన ఆర్టీసీ బస్టాండు ఎదురుగా. బోరు మోటార్లు బాగుచేస్తాడని అనుకునేవాణ్ణి. ఎవరు చెప్పారో కూడా గుర్తులేదు. రబ్బరు చెప్పులు, అందులో ఒకదాని పట్టీకి పిన్నీసు. తరువాత ఒక కేసులో సాక్షిగా ఖాకీ బట్టల్లో కోర్టుకు వచ్చాడు. అప్పుడు ఒక్కసారిగా గుర్తొచ్చింది: మేమందరం టీ తాగి లేచేటప్పుడు డబ్బులిచ్చేవాళ్లం, ఆయన మాత్రం గ్లాసు చేతికి రాకముందే చిల్లర లెక్కపెట్టి ఇచ్చేసేవాడు. ఏ క్షణంలోనైనా లేచి వెళ్లగలిగేలా! అయితే అమ్మా, ఇది తెలిసిన తరువాత గుర్తొచ్చిన సంగతే గాని ముందుగా పట్టించిన గుర్తు కాదు. ముందే చిల్లర ఇచ్చేవాళ్లంతా పోలీసులని రేపు నువ్వు మరో కథ రాస్తే నాకు కోపం వస్తుంది.

ఇక గంజాయి అమ్మేవాడి సంగతి. అతనికి పేరు పెట్టలేదు. గడ్డం పెట్టావు, కళ్లకు సుర్మా పెట్టావు. మన ఊళ్లో సుర్మా అనగానే పాఠకుడు పేరు తనే ఊహించుకుంటాడని నీకు తెలుసు. పెద్ద దర్గా ఉరుసుకు కులమతాలు చూడకుండా వెళ్లే ఊరు మనది, నువ్వూ చిన్నప్పటి నుంచి వెళ్లావు. ఆ సుర్మా కొట్టెయ్. కొనేవాడికి జులపాలు, చిరుగుల ప్యాంటు ఎందుకు? వార్తల్లో వచ్చే 'అనుమానాస్పదంగా సంచరిస్తుండగా' అన్న మాట దగ్గర ఎప్పుడైనా ఆగి చూశావా? అతను చేసినదేమిటో అందులో ఉండదు, చూసినవాడికి కలిగిన అనుమానమే ఉంటుంది.

ఈ 'చూడగానే తెలిసిపోతుంది' అన్న నమ్మకం మన దేశంలో ఒకప్పుడు చట్టమే అయింది. 1871లో తెచ్చిన నేరస్థ తెగల చట్టాన్ని 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకీ వర్తింపజేశారు. ఆనాడు మన జిల్లాలు ఆ ప్రెసిడెన్సీలోనివే. ఎరుకల కుటుంబంలో పుట్టడమే అనుమానానికి చాలిన కారణమైంది. 1952లో దాన్ని రద్దు చేశారు. అలవాటు మాత్రం రద్దు కాలేదు. సీమ మనిషి కథలోకి వస్తే చేతిలో వేటకొడవలి ఉండాలని బయటివాళ్లు ఆశించినప్పుడు మనకెంత మండుతుందో నీకు నేను చెప్పాలా? ఆ మంట తెలిసినదానివి నువ్వు ఇంకొకరికి పెట్టకూడదు.

కొన్ని సంగతులు కథలో సరిచేయాలి. కుర్రాడి సంచిలో 'ఎండిన గంజాయి ఆకులు' అన్నావు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ప్రకారం గంజాయి అంటే ఆ మొక్క పూత, కాయ ఉన్న కొసలు. కొసలు లేకుండా ఒట్టి ఆకులు, గింజలే ఉంటే అది గంజాయి కాదు. నీ కేసు అక్కడే వీగిపోతుంది. బరువు కూడా రాయలేదు. ఆ కుర్రాడి జీవితమంతా ఆ అంకె మీదే ఆధారపడి ఉంది. కిలో వరకు చిన్న మొత్తం, ఏడాది లోపు జైలు, లేదా పదివేల లోపు జరిమానా, లేదా రెండూ. 20 కిలోలు దాటితే వాణిజ్య మొత్తం, కనీసం పదేళ్లు. కాటా మీద ముల్లు ఎక్కడ ఆగిందో చెప్పకుండా 'జీవితం చీకటైంది' అని రాస్తే ఏ చీకటో నాకెలా తెలుస్తుంది?

"నువ్వు పోలీసువా?" అని కుర్రాడు అడిగితే కానిస్టేబుల్ నిజం చెప్పేసినట్టు రాశావు. అడిగితే చెప్పి తీరాలన్న నియమం మన చట్టంలో లేదు. ఉన్న నియమం వేరే చోట ఉంది, అదే కథకు ఎక్కువ ఉపయోగం. అరెస్టు చేసేవాడి పేరు స్పష్టంగా కనబడే గుర్తింపు ఉండాలని సుప్రీంకోర్టు 1996లో డి.కె.బసు కేసులో చెప్పింది, తరువాత అది చట్టంలోకీ వచ్చింది. మూడు వారాలుగా ఎవరికీ ఏమీ కాని మనిషి, ఆ క్షణంలో తన పేరు బయటపెట్టుకోవాలి. అక్కడ నిలబడి చూడు. చొక్కాకు ఆ పేరుపట్టీ పెట్టుకునేటప్పుడు అతని వేళ్లు ఎలా ఉన్నాయి?

ఒంటి మీద సోదా చేసే ముందు, గెజిటెడ్ అధికారి ముందు గానీ మేజిస్ట్రేటు ముందు గానీ సోదా చేయించుకునే హక్కు నీకుందని ఆ కుర్రాడికి చెప్పాలి. అది మాదకద్రవ్యాల చట్టంలో యాభయ్యో సెక్షన్. చెప్పి తీరాలని 1999లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం స్పష్టం చేసింది. చేతిలోని సంచికి ఇది వర్తించదు. 2024 జూలై నుంచి అమల్లోకి వచ్చిన కొత్త నేర విచారణ చట్టంలో సోదాను వీడియో తీయాలన్న నిబంధనా ఉంది. అంటే నీ కథలో ఒకడు ఫోను పట్టుకుని నిలబడి ఉండాలి. సోదాకు సాక్షిగా పిలిపించిన వీఆర్వో అన్నం మధ్యలో లేచి వచ్చి, సంతకం చేయాల్సిన కాగితం చదవాలా వద్దా అని తడబడుతూ ఉండవచ్చు. నువ్వు వదిలేసిన మనుషులు వీళ్లే. పరుగు కన్నా వీళ్ల దగ్గరే కథ ఎక్కువ ఉంది.

కుర్రాడి తమ్ముడు మత్తుకు బానిసయ్యాడని ఒక్క వాక్యంలో దాటేశావు. చిన్న మొత్తంతో పట్టుబడి, తనంతట తానే చికిత్సకు ముందుకొచ్చిన బానిసకు విచారణ నుంచి రక్షణ ఇచ్చే సెక్షను మాదకద్రవ్యాల చట్టంలోనే ఉంది, అరవై నాలుగు-ఏ. ఆ మాట ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆ తల్లికి చెప్పేవాళ్లే లేరు. అది రాయి.

పోలీసుల పని తేలికని నేను అనడం లేదు. ఏజెన్సీ నుంచి, ఒడిశా సరిహద్దు నుంచి సరుకు రైళ్లలో, బస్సుల్లో మన పిల్లల దాకా వస్తూనే ఉంది. 2024 చివర్లో మత్తుపదార్థాల కట్టడికి మన రాష్ట్ర పోలీసుల్లో ఈగల్ విభాగం పెట్టాల్సి వచ్చింది అందుకే. కాపు కాసేవాడికి నిద్ర ఉండదు, భయమూ ఉంటుంది. అందుకే అతన్ని ఎర్రబూట్లకు కుదించవద్దని అంటున్నాను.

నీ కథ నాలుగో పేజీలో ఒక వాక్యం ఉంది. మూడు వారాలుగా ఉతకడానికి ఖాకీ బట్టలు పడకపోవడంతో, మొగుడి ఉద్యోగం పోయిందేమోనని కానిస్టేబుల్ భార్య లోలోపల దిగులు పడుతుంది, కానీ అడగదు. అది ఏ నివేదికలోనూ దొరకదు, ఏ సినిమాలోనూ నేను చూడలేదు. కథను అక్కడి నుంచి మొదలుపెట్టి మళ్లీ రాయి. కుర్రాణ్ణి మాత్రం పరుగెత్తించకు. అతను వేరుశనక్కాయలవాడి పక్కనే, కానిస్టేబుల్ భుజానికి భుజం తగిలేంత దగ్గరగా నిలబడి, పొట్లం ధర అడగనీ.

రెండో ప్రతి దసరాలోపు పంపు. కాటా మీద అంకె రాయడం మరిచిపోవద్దు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు