తుప్పు పట్టిన బ్రేక్ పైపు: కారే ముక్క ఒక్కటే మారిస్తే చాలా?

అమెరికాలోని మిషిగన్‌లో ఇరవై ఏళ్లు తిరిగిన పికప్ ట్రక్కు బ్రేక్ పైపు ఒకచోట కారుతోంది, ఆ ముక్క మారిస్తే సరిపోతుందా అని అడిగారు. సరిపోదు. మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు స్టీలు పైపును పొడవునా, ముఖ్యంగా క్లిప్పుల కింద, తినేస్తుంది. ఇక్కడ అతికిస్తే, గట్టిగా బ్రేక్ తొక్కిన రోజు ఆ పక్కన పగలొచ్చు. లైను మొత్తం రాగి-నికెల్ పైపుతో మార్చండి. అది తుప్పు పట్టదు, చేత్తోనే వంగుతుంది. చివర్లకు బండిలో మొదట ఉన్న రకం ఫ్లేరే వేయాలి, సాధారణంగా అది డబుల్ ఫ్లేర్ (పైపు అంచును వెడల్పు చేసి రెండు పొరలుగా మడవడం). కంప్రెషన్ ఫిట్టింగ్ (ఫ్లేర్ లేకుండా నట్టు బిగించి పైపును పట్టి ఉంచే జాయింటు) మాత్రం దయచేసి వద్దు, బ్రేక్ ఒత్తిడికి ఊడిపోవచ్చు. తర్వాత బ్రేక్ పైపుల్లోని గాలి పూర్తిగా తీయాలి. ఏబీఎస్ (బ్రేక్ తొక్కినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే వ్యవస్థ) ఉన్న కొన్ని బండ్లకు దీనికి స్కాన్ టూల్ (బండి కంప్యూటర్‌కు తగిలించే పరికరం) కూడా కావాలి. అప్పటిదాకా బండి నడపకండి, వర్క్‌షాపుకైనా టో చేయించండి.